‘చేసేదేం లేదు’ అన్న తరువాత



మన ఆదిలాబాద్ దిక్కు భైంసా మార్కెట్ యార్డులో సోయా బస్తాలు, పత్తి బోరాలు మోసే ఒక హమాలీ గురించి ముందు చెప్తాను. పేరు చెప్పను, ఊరు చెప్పను. నిజానికి అతను ఒక్క మనిషి కూడా కాదు. ఇన్నేళ్ల కంటి వైద్యంలో నా ముందు కూర్చున్న ఇద్దరు ముగ్గురిని, ఎవరూ గుర్తుపట్టకుండా, ఒక్కరిగా కలిపి చెప్తున్నాను.

దసరా వెళ్లిన మూడోనాడు పొద్దున లేచాడు. కుడికన్ను రెప్ప అతుక్కుపోయిందేమో అనుకొని వేలితో తడుముకున్నాడు. రెప్ప తెరిచే ఉంది. “సార్, నొప్పి లేదు, మంట లేదు, ఎర్రగ గాలేదు. దీపం ఆర్పినట్టే అయింది” అన్నాడు. రాత్రి పడుకునేటప్పటికి బాగానే ఉంది. భార్య దిష్టి తీసింది. అన్న వేడి చేసిందన్నాడు. అప్పుడప్పుడే యార్డుకు పత్తి రావడం మొదలైంది, పని వదిలితే ఆ రోజు కూలి పోతుంది. ఇంకో కన్ను బాగుంది గదా అని రెండు రోజులు బోరాలు మోశాడు. మూడో రోజు నా దగ్గరికి వచ్చాడు.

లోపలికి లైటు వేసి చూశాను. కంటి వెనక గోడకు అంటుకొని ఉండే చూపు తెరను రెటీనా అంటాం. మామూలుగా అది నారింజ రంగులో నిగనిగలాడుతుంది. అతని కంట్లో అది విరిగిన పాలలాగా తెల్లబారి ఉంది. నట్టనడుమ ఒక్క ఎర్రటి చుక్క. డాక్టర్ల పుస్తకాల్లో దానికి చెర్రీపండు చుక్క అని పేరు. మనవైపు చెర్రీపండు కేకు మీదనే కనబడుతుంది. మీరు పండిన రేగుపండు అనుకోండి. రెటీనాకు రక్తం తెచ్చే పెద్ద ధమని మూసుకుపోయిందని ఆ చుక్క చెప్పింది.

నేను పక్కన ఉన్న అతని భార్యతో, “కన్ను పోయిందమ్మా. ఇక దీనికి చేసేదేం లేదు” అన్నాను. బీపీ చూపించుకొమ్మని, గుండె డాక్టరును కలవమని చీటీ రాశాను. ఆ చీటీ వాళ్లకు గుర్తు లేదు. ‘చేసేదేం లేదు’ అన్నది మాత్రం గుర్తుంది. ఈ రోజు నేను మాట్లాడేది ఆ మాట గురించే.

మనవైపు రక్తనాళమైనా నరమే, నాడి అయినా నరమే. అందుకే దవాఖాన వరండాలో ఎవరినడిగినా “కంటినరం బ్లాక్ అయింది” అంటారు. ఇక్కడ మూసుకున్నది రక్తం తెచ్చే గొట్టం. గుండె నుంచి మెడలోకి, మెడ నుంచి పుర్రెలోకి, అక్కడ చీలి కంటికి వస్తుంది. చివరికి చూపునాడి నడుమ దూరి రెటీనా మీద నాలుగు కొమ్మలుగా పరుచుకుంటుంది. దాని లోపలి వెడల్పు మిల్లీమీటరులో ఆరో వంతుకు అటూ ఇటూ. చూపునాడికి తొడుగులాంటి గట్టి పొర ఒకటి ఉంటుంది. దాన్ని చీల్చుకొని లోపలికి పోయే చోట ఆ గొట్టం ఇంకా సన్నం. మెడనాళంలో పేరుకున్న కొవ్వు పెచ్చు ఊడి వచ్చినా, గుండె కవాటం మీది సున్నపు పలుకు వచ్చినా, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నప్పుడు లోపల కట్టిన రక్తపు గడ్డ జారి వచ్చినా, తట్టుకొని ఆగేది ఎక్కువగా అక్కడే.

గడ్డెన్న వాగు కాలువ కింద పొలం ఉన్నవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. రెటీనా లోపలి భాగమంతా ఒకే కాలువ కింది ఆయకట్టు. పక్క కాలువ లేదు, చెరువు లేదు. తూము మూస్తే మొత్తం ఎండుతుంది. అయితే కొందరి పొలంలో సొంత బావి ఉంటుంది. కొందరి కంట్లో కూడా చూపు కేంద్రానికి విడిగా ఒక సన్నటి నాళం పుట్టుకతోనే ఉంటుంది. అది ఉన్నవాళ్లకు పెద్ద ధమని మూసుకున్నా నడిమి చూపు కొంత మిగులుతుంది. చుట్టూ చీకటి, మధ్యలో కిటికీ అంత వెలుగు. ఎవరికి ఆ బావి ఉందో ముందుగా ఎవరికీ తెలియదు.

ఇందులో ఒక చిత్రం ఉంది. వెలుతురును పట్టుకునే కణాలు రెటీనా అడుగు పొరలో ఉంటాయి. వాటికి రక్తం వెనక నుంచి, వేరే దారిలో వస్తుంది. అందుకని ధమని మూసుకున్నా అవి బతికే ఉంటాయి. చనిపోయేది పైపొరల్లోని కణాలు, అంటే అందుకున్న వెలుతురును మెదడుకు చేరవేసేవి. ఇంట్లో బల్బు బాగానే ఉంది, తీగె తెగింది.

ఈ జబ్బును కళ్లారా చూసి మొదట రాసినవాడు జర్మనీ కంటి వైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే, 1859లో. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1851లో, బతికున్న మనిషి కంటి లోపలికి తొంగిచూసే పరికరాన్ని హెల్మ్‌హోల్ట్స్ లోకానికి చూపించాడు. ఆ పరికరం రాకముందు ఇట్లాంటి కన్ను ఎవరికీ అంతుచిక్కేది కాదు. బయటికి ఏమీ కనబడదు గదా.

ధమని మూసుకున్నాక రెటీనా ఎంతసేపు ఆగుతుంది? దీనికి జవాబు వెతికినవాడు పంజాబ్ పల్లెటూరులో పుట్టి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో స్థిరపడిన సోహన్ సింగ్ హేరే. కోతుల కళ్లలో ఆ ధమనిని కొలిచినంత సేపు బిగించి, వదిలి, ఏం జరిగిందో చూశాడు. 97 నిమిషాల దాకా రెటీనాకు పెద్ద నష్టం లేదు. 240 నిమిషాలు దాటితే ఇక కోలుకోలేదు. 240 నిమిషాలంటే నాలుగు గంటలు. భైంసా నుంచి హైదరాబాద్ చేరడానికి దారి బాగుంటే పట్టేది నాలుగైదు గంటలు. ఈ లెక్క చెప్తే కొందరికి కోపం వస్తుంది. నాకూ వస్తుంది.

పోనీ, ఆ గంటల్లోపే పెద్ద దవాఖానకు చేరారనుకుందాం. కంటిని మర్దన చేయడం, కంటి ముందు భాగంలోని నీరు సూదితో కొద్దిగా తీయడం, ఒత్తిడి తగ్గించే మందులు ఇవ్వడం చాలాకాలంగా ఉన్నవే. అవి చూపు తెస్తాయని గట్టి రుజువు లేదు. పక్షవాతానికి ఇచ్చినట్టు గడ్డ కరిగించే మందును ధమనిలోకే పంపి యూరప్‌లో చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితం 2010లో వచ్చింది. చూపులో లాభం తేలలేదు, ప్రమాదాలు పెరిగాయి. ఆ పరీక్షలో చాలామందికి మందు అందేసరికే గంటలు గడిచిపోయాయి. ఇంకా ముందే ఇస్తే ఎట్లా ఉంటుందన్న ప్రయత్నాలు ఆ తరువాత కూడా సాగాయి. అయినా ఉన్నట్టుండి ఒక కన్ను చీకటైతే 108కు ఫోన్ చేయండి అనే చెప్తాను. కారణం కన్ను ఒక్కటే కాదు.

కన్ను మెదడు ముక్కే. అమెరికా గుండె జబ్బుల సంఘం 2021లో విడుదల చేసిన పత్రంలో ఈ ధమని మూసుకోవడాన్ని పక్షవాతంలో ఒక రకంగానే చూడాలని రాసింది. కంటికి వచ్చిన గడ్డ పక్క దారి పట్టి ఉంటే మెదడుకు పోయేది. వీళ్లకు మెదడు స్కానింగు తీస్తే, చేయి కాలు పడిపోకపోయినా, కొందరిలో అప్పటికే చిన్న చిన్న మచ్చలు కనబడతాయి. పక్షవాతం వచ్చే భయం మొదటి కొన్ని వారాల్లో అన్నిటికన్నా ఎక్కువ. అందుకని గుండె చూడాలి, మెడనాళాలు స్కానింగు చేయాలి, బీపీ, షుగరు, కొలెస్టరాలు పట్టాలి, బీడీ మానాలి. మన హమాలీ రోజుకో కట్ట తాగేవాడు. బీడీ కోసం జేబు తడుముకుంటూనే “బీడీకి, కంటికి ఏం సంబంధం సార్” అని నన్నడిగాడు.

ఇంకో మాట. కొందరికి ఇది వచ్చే ముందు ఒకటి రెండు సార్లు సైగ ఇస్తుంది. ఒక కన్నుకు తెర దించినట్టు అవుతుంది, కొన్ని నిమిషాల్లో ఆ తెర లేచిపోతుంది. పోయిన చూపు వచ్చింది గదా అని ఆ సంగతి ఎవరికీ చెప్పరు. చెప్పాల్సింది అప్పుడే.

యాభై దాటినవాళ్లకు మరో కారణం ఉంది, మన దేశంలో అరుదు. కణతల దగ్గర తలనొప్పి, దువ్వెన తగిలితే నెత్తి నొప్పి, జొన్నరొట్టె నమిలేటప్పుడు దవడ లాగేసి మధ్యలో ఆపాల్సి రావడం. వీటితో కలిసి చూపు పోతే అది ధమనుల గోడలు వాచే జబ్బు కావచ్చు. దానికి స్టెరాయిడు మందు వెంటనే పడాలి. ఆలస్యమైతే రెండో కన్ను కూడా రోజుల్లోనే పోవచ్చు. నమిలేటప్పుడు నొప్పి ఉందా అని కంటి డాక్టరు అడిగితే, పండ్ల డాక్టరు అడగాల్సింది ఈయనెందుకు అడుగుతున్నాడని నవ్వకండి.

ఇక మన హమాలీ దగ్గరికి వద్దాం.

దసరాకు కన్ను పోయింది. కార్తీకం గడిచింది. చలి ముదిరి పొద్దున్నే పొగమంచు పడే రోజులు వచ్చాయి. యార్డులో, జిన్నింగు మిల్లుల దగ్గర గాలి నిండా దూది పీచు ఎగురుతూ ఉంటుంది. అతని కుడికన్ను కొద్దిగా ఎర్రబడింది. పీచు పడిందనుకున్నాడు. ఆ పనిలో ఉన్నవాళ్లలో ఎవరి కన్ను ఎర్రబడదు? వారం తరువాత కనుబొమ్మ మీద నొప్పి. రాత్రి ఎక్కువ. లైటు చుట్టూ రంగులు కనబడ్డాయా అని తరువాత నేనడిగాను. “చూపే లేని కన్నుకు రంగులెక్కడివి సార్” అన్నాడు. నిజమే. కంటి ఒత్తిడి పెరిగితే మంచి కన్నున్నవాడికి ఆ రంగుల గుర్తు అందుతుంది, ఇతనికి అది కూడా లేదు.

మందుల దుకాణంలో చుక్కల మందు కొన్నాడు. రెండు రోజులు మంట తగ్గినట్టుంది, మళ్లీ మొదలైంది. ఎర్రటి కంటికి దుకాణంలో అడిగి కొనే చుక్కల్లో తరచుగా స్టెరాయిడు ఉంటుంది. కొందరికి అది కంటి లోపలి ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. ఇంట్లో ముసలామె ఎవరో పసరు పిండితే అదీ అయింది. ఒక రాత్రి తల పగిలేంత నొప్పి, రెండుసార్లు వాంతి. పైత్యం అన్నారు. తెల్లారి వచ్చి నా గది ముందు బల్ల మీద తల పట్టుకొని కూర్చున్నాడు. కన్ను రక్తం చిమ్మినట్టుంది. నల్లగుడ్డు మీద ఆవిరి పట్టిన అద్దంలాగా మసక. ఒత్తిడి కొలిచాను. కంటి లోపల 10 నుంచి 21 దాకా ఉండాల్సిన ఒత్తిడి 50 దాటింది.

“మధ్యల ఎందుకు రాలే?” అన్నాను.

“పోయిన కన్నుకు మళ్ల డాక్టరెందుకని రాలే సార్. చేసేదేం లేదని మీరే అంటిరి గదా.”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

రెటీనా ఆకలితో ఉన్నప్పుడు ఊరికే ఉండదు. రక్తం కావాలని ఒక రసాయనాన్ని కంటి నీటిలోకి వదులుతుంది. ఇట్లాంటి పదార్థం ఏదో ఉండి ఉంటుందని 1948లోనే ఐజాక్ మైకేల్సన్ అనే కంటి వైద్యుడు ఊహించాడు. కళ్లతో చూడలేదు, పట్టుకోలేదు. రెటీనాలో నాళాలు పెరిగే తీరు చూసి లెక్క కట్టాడు. నలభై ఏళ్లు గడిచాక, 1989లో, నెపోలియోన్ ఫెరారా దాన్ని విడదీసి చూపించాడు. వీఈజీఎఫ్ అని దాని పేరు. మనం ‘నాళాల ఎరువు’ అనుకుందాం. యూరియా చల్లితే పంటా పెరుగుతుంది, గడ్డీ పెరుగుతుంది. ఈ ఎరువు పంట ఎండిపోయిన చోట పుట్టి, కంటి నీటితో కలిసి ముందుకు వచ్చి, గట్ల మీద పిచ్చిగడ్డి మొలిపిస్తుంది.

ఆ గట్టు ఏది? కంటిపాప చుట్టూ నల్లగానో గోధుమ రంగులోనో ఉండే పొర, ఐరిస్. దాని అంచున మొదట సన్నని దారాలలాగా ఎర్రటి నాళాలు వస్తాయి. అక్కడి నుంచి పాకి, నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర కార్నియాను ఐరిస్ కలిసే మూలకు చేరతాయి. కంట్లో ఊరే నీరు బయటికి పోయే మోరీ ఆ మూలలోనే ఉంది. నాళాలతో పాటు ఒక పొర కూడా అల్లుకుంటుంది, పొర ముడుచుకొని మోరీని మూసేస్తుంది. నీరు ఊరడం ఆగదు, పోయే దారి లేదు. దాంతో ఒత్తిడి పెరుగుతుంది. తెలుగులో నీటికాసులు అంటాం, డాక్టర్లు గ్లకోమా అంటారు, మనవైపు మరాఠీ మాట్లాడేవాళ్లు కాచబిందు అంటారు. ఇది ఆ జబ్బులోనే కొత్త నాళాల వల్ల వచ్చే రకం, అన్నిటిలోకి మొండిది.

రెటీనా నుంచి రక్తం వెనక్కి తీసుకుపోయే సిర మూసుకున్నవాళ్లకు ఇదే ఉపద్రవం సుమారు మూడు నెలలకు వస్తుంది. అందుకే పాత డాక్టర్లు దాన్ని వంద రోజుల గ్లకోమా అనేవారు. ధమని మూసుకున్నవాళ్లకు ఇంకా ముందే రావచ్చు. ఆస్ట్రేలియాలో ఇట్లాంటి 33 మందిని వరుసగా గమనించి 2010లో రాసిన పరిశీలనలో ఆరుగురికి కొత్త నాళాలు వచ్చాయి. రెండో వారం నుంచి పదహారో వారం లోపల వచ్చాయి. సగటున ఎనిమిదిన్నర వారాలు. మన హమాలీకి కూడా దసరా నుంచి లెక్కేస్తే దాదాపు అంతే.

దీని మీద డాక్టర్లలో తగువు ఉంది. ఇందాక చెప్పిన హేరే, ధమని మూసుకోవడం ఒక్కటే ఈ గ్లకోమాను తేదని, అట్లా వచ్చినవాళ్లలో మెడనాళం ముందే ఇరుకై కన్నంతా చాలాకాలంగా ఆకలితో ఉండి ఉంటుందని వాదించాడు. ఆయన తర్కం నాకు నచ్చుతుంది. నాలుగు గంటల్లో చచ్చిపోయిన రెటీనా ఇక ఏమీ అడగదు. చచ్చినవాడు అప్పుకు రాడు గదా. గడప గడప తిరిగేది అర్ధాకలివాడే. ఆస్ట్రేలియా వాళ్లకు మాత్రం మెడనాళంతో అంత సంబంధం కనబడలేదు. ఎవరిది ఒప్పో తేలేదాకా పేషెంటు ఆగలేడు. ఇద్దరి మాటా విన్నా నేను చేసే పని ఒకటే: మెడనాళం చూపించమంటాను, కన్ను మళ్లీ మళ్లీ చూస్తాను.

ఎన్నిసార్లు? పదిహేను రోజులకొకసారి, నాలుగు నెలలు. అంటే ఎనిమిది సార్లు. కూలి పని చేసుకునేవాడికి ఎనిమిది రోజుల కూలి, రానుపోను బస్సు ఖర్చు, తోడుగా వచ్చినవాళ్ల కూలి కూడా. చిన్న భారమని నేను అనను. అందుకే ప్రతిసారీ హైదరాబాద్ పోవాల్సిన పని లేదని గట్టిగా చెప్తాను. ఐరిస్ మీద కొత్త నాళాలున్నాయా అని చూడడానికి కావలసింది స్లిట్ ల్యాంపు అనే సూక్ష్మదర్శిని, ఒత్తిడి కొలిచే పరికరం, మూలను చూపించే చిన్న అద్దం, చూడటం తెలిసిన మనిషి.

ఈ విషయంలో మన ప్రాంతం చాలా చోట్ల కంటే నయం. భైంసా పక్కనే ముధోల్‌లో 1996లోనే ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ తన మొట్టమొదటి గ్రామీణ కేంద్రాన్ని పెట్టింది. భోస్లే గోపాల్‌రావ్ పటేల్ పేరు మీద నడుస్తోంది. పెద్ద కంటి దవాఖాన అంటే పట్నమే అనుకునే కాలంలో అట్లాంటిది ముధోల్‌కు రావడం ఆ రోజుల్లో వింత. ఆ తరువాత అదే నమూనాలో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఊళ్లలో కేంద్రాలు వచ్చాయి. ముధోల్‌వాళ్లు దీన్ని గొప్పగా చెప్పుకున్నది నేను పెద్దగా వినలేదు.

1996 నుంచి 2000 దాకా ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వే జరిగినప్పుడు ఎంచుకున్న మూడు గ్రామీణ ప్రాంతాల్లో అప్పటి మన ఆదిలాబాద్ జిల్లా ఒకటి. మిగతావి పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్. పట్నం తరఫున హైదరాబాద్. మొత్తం 10,293 మందిని పరీక్షించారు. నూటికి 1.84 మంది అంధులని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి కారణం మోతీబిందు (కంటి శుక్లం), అద్దాలు లేకపోవడం. రెండూ బాగయ్యేవే. ప్రభుత్వ శిబిరాలు కూడా ఆ దిక్కే చూశాయి. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు, 2023 జనవరిలో ఖమ్మంలో మొదలైన రెండో విడత, ఊరూరా అద్దాలు పంచాయి. మంచి పనే. కానీ ధమని మూసుకున్న కన్ను శిబిరంలో ఒక్కసారి చూసి పంపే కన్ను కాదు. పైగా ఇంకో ఇబ్బంది ఉంది. నెల, నెలన్నర గడిస్తే రెటీనా తెల్లదనం పోయి మళ్లీ మామూలు రంగుకు వస్తుంది, రేగుపండు చుక్క మాయమవుతుంది. చూపునాడి మొదలు పాలిపోయి ఉంటుంది, నాళాలు సన్నబడి ఉంటాయి, అంతే. కొత్త డాక్టరు అప్పుడు చూస్తే ఏం జరిగిందో పోల్చుకోవడం కష్టం. అందుకని మొదటిసారి ఇచ్చిన చీటీ పారేయకండి. రేషన్ కార్డు పెట్టే సంచిలోనే పెట్టండి.

కొత్త నాళాలు తొలి దశలో దొరికితే చేసేది చాలా ఉంది. మొదటిది లేజరు. రెటీనా అంచుల చుట్టూ వెయ్యికి పైగా చిన్న చిన్న చుక్కలు కాలుస్తారు. అప్పటికే దెబ్బతిన్న తెరను ఇంకా కాల్చడమేమిటని అడుగుతారు. ఆకలితో ఉన్న భాగాన్ని తగ్గిస్తే ఎరువు ఊరడం తగ్గుతుంది, గట్టు మీది గడ్డి వాడిపోతుంది. రెండోది కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్. ఆ ఎరువును పట్టి కట్టేసే మందు. ఇందులో ఒకటి, బెవాసిజుమాబ్, 2004లో పెద్దపేగు క్యాన్సరు కోసం అమెరికాలో అనుమతి పొందింది. మరుసటి ఏడే కంటి డాక్టర్లు దాన్ని చిటికెడంత మోతాదులో కంట్లోకి ఇవ్వడం మొదలుపెట్టారు. కొత్త నాళాలు కొద్ది రోజుల్లోనే ముడుచుకుపోతాయి. అయితే ఈ ఇంజెక్షన్ బలం కొన్ని వారాలే. వెనక లేజరు లేకపోతే గడ్డి మళ్లీ లేస్తుంది. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గింది గదా అని లేజరుకు రాని పేషెంట్లను చాలామందిని చూశాను. వాళ్ల మీద కోపపడటం నేను మానేశాను, ఫోన్ చేయడం మొదలుపెట్టాను.

మోరీ మూసుకుపోయాక వస్తే దారి ఇరుకు. ఒత్తిడి తగ్గించే చుక్కలు, మాత్రలు, నొప్పికి వేరే చుక్కలు. లొంగకపోతే నీరు పోవడానికి కంట్లో సన్నటి గొట్టం అమర్చే ఆపరేషన్. చూపు ఎట్లాగూ లేదనుకుంటే, నీరు ఊరే భాగాన్నే బయటి నుంచి లేజరుతో కాల్చి ఊటను తగ్గించడం. ఏదీ పని చేయక, రాత్రింబవళ్లు నొప్పితో మనిషి కుంగిపోతే, చివరికి కంటి లోపలి భాగాన్ని తీసేసి కృత్రిమ కన్ను అమర్చాల్సి వస్తుంది. మన హమాలీకి అంతదాకా రాలేదు. చుక్కలు, ఇంజెక్షన్, హైదరాబాద్‌లో లేజరు, మూడు నెలల తిరుగుడు. నొప్పి పోయింది. చూపు ఎప్పుడో పోయింది. గుడ్డు అట్లాగే ఉంది.

చూపు లేని గుడ్డు మిగిలితే ఏం లాభమని అతని అన్న అడిగాడు. నేను చెప్పబోయేలోపే భార్య అందుకుంది: “రాత్రి నిద్రపోతున్నడు గదా బావా.”

కొత్త నాళాలు ఐరిస్ మీదనే కాదు, లోపల చూపునాడి మొదలు దగ్గర కూడా మొలవవచ్చు. ఇవి పెళుసు. తెగితే కంటి లోపలి జెల్లీలో రక్తం నిండుతుంది. ఉన్న కాస్త చూపులోనూ నల్లటి పొగలు తేలినట్టు ఉంటుంది. సొంత బావి పుణ్యమా అని మధ్య చూపు మిగిలినవాళ్లు దీన్ని ముఖ్యంగా కనిపెట్టి ఉండాలి.

మన అడవి దిక్కు వాళ్లకు ఇంకొక్క మాట చెప్పకుండా ముగించలేను. గోండు, కోలాం గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉందని మనకు తెలుసు. ఎర్ర రక్తకణాలు కొడవలిలాగా వంగి, గట్టిపడి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. రెటీనా అంచున చిన్న ధమనులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. పెద్ద ధమని మూసుకున్నట్టు ఒక్కసారిగా చీకటి పడదు. ఏమీ తెలియదు. కానీ అంచున ఆకలి మొదలై, అక్కడ కొత్త నాళాలు విసనకర్రలాగా విచ్చుకుంటాయి. సముద్రంలో పెరిగే ఒక పగడాన్ని పోలి ఉంటాయని వాటికి సముద్రపు విసనకర్ర అని డాక్టర్లు పేరు పెట్టారు. అవి తెగి కంట్లో రక్తం నిండిన రోజుకు ఆ జబ్బున్న పిల్లవాడు ఇరవై ఏళ్లవాడు కావచ్చు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు; 2047 నాటికి జబ్బును నిర్మూలించడం లక్ష్యం. రక్త పరీక్ష కార్డులు చేతికి వస్తున్నాయి. కార్డులో జబ్బు ఉందని తేలిన పిల్లలకు పదేళ్లు దాటాక కంటి అంచుల దాకా చూసే పరీక్ష కూడా చేయించండి. ఇంకోటి, ఆ కార్డును కంటి డాక్టరుకు ముందే చూపించండి. కంటి ఒత్తిడికి ఇచ్చే కొన్ని మాత్రలు వీళ్లకు పడవు.

నా గదిలో ఇప్పుడు ‘చేసేదేం లేదు’ అన్న మాట వాడను. చూపు రాదని చెప్తాను. అది దాచడం తప్పు. ఆ వెంటనే కాగితం మీద ఎనిమిది తేదీలు రాస్తాను. అంకెలు చదవలేనివాళ్లకు క్యాలెండరు మీద గీత గీసి ఇస్తాను. భైంసా దిక్కు ఒకే కుటుంబంలో ఒకరు కన్ను అంటారు, ఒకరు ఆంఖ్ అంటారు, ఒకరు డోళా అంటారు. గీత మాత్రం అందరికీ ఒకటే.

ఆ తేదీల్లో పరీక్షకు రావడానికి ముందు తెలుసుకోవాల్సినవి రెండు. ఒకటి, కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయక ముందే ఐరిస్ అంచును, మూలను చూడాలి. పాప విప్పారితే అంచున ఉన్న సన్నని నాళాలు ముడతల్లో దాక్కుంటాయి. “ఈ కంటికి ధమని మూసుకుంది సార్, చుక్కల కంటే ముందు చూడండి” అని మీరే గుర్తుచేయండి. ఏ డాక్టరూ తప్పుగా అనుకోడు. రెండు, తరువాత చుక్కలు వేస్తారు, నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, ఎండ పడదు. అసలే ఒక కన్నుతో నెట్టుకొస్తున్న మనిషి. మోటార్ సైకిల్ మీద ఒక్కరే రావద్దు. బస్సులో రండి, తోడు ఒకరిని తెచ్చుకోండి, ఎండకు తలమీద కప్పుకోవడానికి రుమాలు పెట్టుకోండి, పాత చీటీ మరిచిపోకండి.